తాళం తీసినా ఆగని బండి

బచేలి,
ఆదివారం ఉదయం.

పూజ్యులైన నాన్నకి,

నీ చిన్నమ్మి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అల్లుడు, అత్తయ్య, కొత్తగా వచ్చిన నీ మనవరాలు అందరం క్షేమం. ఇదివరకు ఈ మాట పెన్ను తనంతట తనే రాసేసేది. ఈసారి లేచి వెళ్ళి ఒక్కొక్కరినీ కళ్ళారా చూసి వచ్చి రాశాను. పిల్ల నిద్రపోతోంది. అత్తయ్య పెరట్లో గుడ్డలు ఆరేస్తోంది. మీ అల్లుడు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ నేనేం రాస్తున్నానా అని పక్కచూపులు చూస్తున్నారు. బొబ్బిలిలో నువ్వు, అక్క, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవన్నీ వరసగా చెబుతాను, మధ్యలో పేజీలు తిప్పి చివర చూడకు. పిల్లది ఎవరి పోలిక అన్నావు. ముక్కు అత్తయ్యది, రంగు ఈయనది, చెవులు మాత్రం అచ్చం నీవే. ఇంత చిన్న మొహానికి అంత పెద్ద చెవులేమిటని నర్సమ్మ కూడా నవ్వింది. పెద్దయ్యాక ఆ చెవులు నీలాగా గనిలో డంపర్ల చప్పుడుకి ధారపోయకుండా చూసుకుంటాను. పేరు ఇంకా అనుకోలేదు. నేను పాలు సరిపడా తాగుతున్నాను. కాయం ముద్ద తినమని అత్తయ్య నా వెంట పడి తిరుగుతోంది, అది కూడా తింటున్నాను.

ఇక బండి గురించి నువ్వడిగింది. "బస్తానార్ ఘాట్‌లో బండి ఎలా లాగిందమ్మా? రోజూ పది నిమిషాలు నిలబెట్టి మేపిన బండి కదా, గుర్రంలా లాగి ఉంటుంది" అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం చేతిలోంచి జారిపోయింది నాన్నా. మళ్ళీ తీసి చదవడానికి ధైర్యం చాలక ఒక పూటంతా దిండు కింద పెట్టుకున్నాను. పిల్ల పుట్టిందని అక్క నీకు చెప్పింది, తల్లీ బిడ్డా క్షేమమని చెప్పింది. దారిలో జరిగింది మాత్రం చెప్పొద్దని నేనే అన్నాను. ఫోన్‌లో చెబుదామంటే నీకు వినపడదు. వినపడే మిషన్ కొనిస్తే డబ్బాలో పెట్టి బీరువాలో దాచావు. నేను అరిచి చెబితే వీధి వీధంతా వింటుంది గానీ నువ్వు వినవు. పైగా ఇది సగం విని "అలా జరగదు" అని కొట్టిపారేసే సంగతి కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితానికి ఎదురు చెప్పలేవు కదా.

బండి లాగలేదు. ఘాట్ మధ్యలో పిచ్చెత్తిపోయింది. ఇంతకంటే సరైన మాట నాకు దొరకడం లేదు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. డాక్టరమ్మ సంగతి నీకు తెలుసు, నాకు బీపీ కాస్త ఎక్కువగా ఉంది, ఆపరేషన్ అవసరం పడినా పడొచ్చు, వారం ముందే జగదల్‌పూర్ వెళ్ళి ఉండండి అంది. ఈయన పిన్నిగారిల్లు అక్కడే ఉంది కనుక అలాగే అనుకున్నాం. పొద్దున్నే టిఫిన్ కట్టుకుని, అత్తయ్యని వెనక సీట్లో కూర్చోబెట్టి బయల్దేరాం. దంతెవాడలో బండి ఆపి అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాం. గీదం దాటేదాకా అంతా బాగానే ఉంది. గీదం దాటాక నాకు నడుములో మొదలైంది. మొదట కూర్చుని కూర్చుని పట్టేసిందేమో అనుకున్నాను. తగ్గింది. మళ్ళీ వచ్చింది. అత్తయ్య నా మొహం చూసి విషయం పట్టేసింది. వెనక్కి తిరుగుదామా, ముందుకు పోదామా అని కాసేపు తర్జనభర్జన పడి, పెద్దాసుపత్రి ముందే ఉంది కదా, ముందుకే పోదాం అనుకున్నాం.

ఆ టైములో ఎవరు నడుపుతున్నారని అడగకు. అది తర్వాత చెబుతాను.

ఘాట్ ఎక్కుతుంటే ముందు బొగ్గు లారీ ఒకటి పాకుతూ పోతోంది. దాన్ని దాటడానికి యాక్సిలేటర్ గట్టిగా తొక్కాం. లారీని దాటాం, దాటిన వెంటనే బానెట్ కింద ఈల వేసినట్టు ఒక సన్నటి కూత వచ్చింది. ఆ వెంటనే కాలు తీసేసినా ఇంజన్ వేగం తగ్గలేదు. తగ్గకపోగా పెరుగుతోంది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు లేదు. తెల్లటి పొగ, అందులో నీలం కలిసి, గోడలా లేచింది. కొండ వైపు ఓరగా బండి ఆపి, గేర్ తీసి, హ్యాండ్ బ్రేక్ లాగి, తాళం తిప్పి బయటికి లాగేశాం.

నాన్నా, తాళం ఈయన చేతిలో ఉంది. ఇంజన్ నడుస్తోంది.

నడవడం కాదు, అరుస్తోంది. నువ్వు ముప్పై ఏళ్ళు ఎన్నో ఇంజన్లు విని ఉంటావు, ఇలాంటిది వినలేదనే అనుకుంటాను. మీటర్ ముల్లు ఎర్ర గీత దాటిపోయి అక్కడే వణుకుతోంది. సీటు, తలుపు, నా పళ్ళు అన్నీ అదురుతున్నాయి. ఈయన తాళం వైపు చూస్తున్నారు, బండి వైపు చూస్తున్నారు, మళ్ళీ తాళం వైపు చూస్తున్నారు. అత్తయ్యే వెనక సీట్లోంచి అడిగింది.

"ఏటిరా ఇది, తాళం తీసీసినా ఇలగ అరుస్తాదేటి?"

వెనక లారీ డ్రైవర్లు దిగి, దూరం నుంచే చేతులు ఊపుతూ "హటో, హటో, ఆగ్ లగేగీ" అని, మంట అంటుకుంటుంది తప్పుకోండని కేకలు. ఈయన వెళ్ళి వెనక తలుపు తీసి అత్తయ్యని లాగబోయారు. అత్తయ్య మోకాలు సంగతి నీకు తెలుసు, మామూలు రోజునే దిగడానికి ఇద్దరు పట్టాలి. ఆ పొగలో, ఆ మోతలో ఆవిడ కాలు కదలలేదు. ఇంతలో బండి ముందుకు ఒక్క కుదుపు కుదిపి, ఇంజన్ చచ్చిపోయింది. అంత మోత తర్వాత ఒక్కసారి నిశ్శబ్దమయ్యేసరికి నాకూ నీలాగే చెవులు పోయాయేమో అనుకున్నాను. అది ఎలా ఆగిందో కూడా తర్వాతే చెబుతాను. ముందు మిగిలింది విను.

మా వెనకే ఆవపల్లి నుంచి చింతపండు బస్తాలతో జగదల్‌పూర్ మండీకి పోతున్న పికప్ ఒకటి ఆగింది. నడిపే అతని పేరు పొజ్జా. దోర్లా తెగవాళ్ళు, మన తెలుగే కాస్త వేరే యాసలో మాట్లాడతారు. పక్కన అతని భార్య గంగే. నా పొట్ట చూసి, నేను తలుపు పట్టుకుని వంగిపోవడం చూసి గంగే బండి ఆగీ ఆగకుండానే దూకేసింది.

"ఏందక్కా, నొప్పులా? ఆ బండిని ఇడిసిపెట్టు, మా దాంట్లకి రా" అని నా చెయ్యి పట్టుకుంది.

ముందు సీట్లో పొజ్జా, నేను, గంగే. వెనక చింతపండు బస్తాల మీద మీ అల్లుడు, మా అత్తయ్య. జన్మలో పట్టు చీర నలగనివ్వని మా అత్తయ్య జగదల్‌పూర్ దాకా చింతపండు మీద పడుకుని వచ్చింది, ఒక్క మాట సణగలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా గంగే చెయ్యి నలిపేశాను. ఆమె తన పిల్లల పుట్టుకలు ఒక్కొక్కటీ చెబుతూ కూర్చుంది. ఒకడు పొలంలో పుట్టాడట, ఒకతి ఇప్పపువ్వు ఏరుతుంటే పుట్టిందట. మమ్మల్ని ఆసుపత్రి గుమ్మంలో దింపి, తన దుప్పటి నా మీదే వదిలేసి వెళ్ళిపోయింది. ఆపరేషన్ అక్కర్లేకుండానే సాయంత్రానికి నీ మనవరాలు పుట్టింది. ఆ దుప్పటికి ఇప్పటికీ చింతపండు వాసన వస్తుంది. అదే కప్పితే తప్ప ఈవిడగారు నిద్రపోదు.

ఇదంతా సుఖాంతమే కదా, ఏడుపెందుకు అంటావు. నాకు ఆ రోజు భయం వెయ్యలేదు నాన్నా. భయపడే తీరిక లేదు. ఇంటికి వచ్చాక మొదలైంది. మొన్న అత్తయ్య చట్నీకి మిక్సీ వేస్తే పిల్లని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాను. మిక్సీ స్విచ్ కట్టేస్తే ఆగిపోయింది. అలా ఆగిపోవడం చూసి గుమ్మంలో కూలబడి ఏడ్చాను. స్విచ్ కట్టేస్తే ఆగుతుందని, తాళం తీస్తే ఆగుతుందని ఇన్నేళ్ళు ఎంత నిశ్చింతగా బతికాను.

బండిని తర్వాత జగదల్‌పూర్ వర్క్‌షాపుకి లాక్కెళ్ళారు. అక్కడి సూపర్‌వైజర్ ముకేష్ అని కుర్రాడే, టీ తాగుతూ బానెట్ ఎత్తి ఆయిల్ చూసే పుల్ల తీశాడట. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి కదా, పై గీతకి వేలెడు మీదికి ఉంది. ఇంత ఆయిల్ ఎవరు పోశారని ఈయన్ని నిలదీశాడు. ఎవరూ పొయ్యలేదని ఈయన. పొయ్యకుండా ఎలా పెరుగుతుందని అతను. కాసేపు ఇద్దరూ వాదించుకున్నాక అతనే పుల్ల మీది చుక్కని ఒక కాగితం మీద వేసి, ఆరేదాకా ఆగి చూపించాడు. మధ్యలో నల్లగా ఉండి, చుట్టూ పల్చటి వలయం వెడల్పుగా పాకింది. ఆ పాకింది ఆయిల్ కాదట. డీజిల్.

ఆయిల్లోకి డీజిల్ ఎలా వెళ్ళిందో ఈయన ఇంటికొచ్చి నాకు పూసగుచ్చినట్టు చెప్పారు, నేను నీకు చెబుతున్నాను. ఇప్పటి టర్బో డీజిల్ బండ్లకి పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. మసి నిండాక, దాన్ని కాల్చెయ్యడానికి బండి తనంతట తానే సిలిండర్‌లోకి కాస్త ఎక్కువ డీజిల్ చిమ్ముకుంటుంది. రోడ్డు మీద అరగంట వేగంగా పోతే ఆ వేడికి మసి కాలిపోతుంది, గొడవ లేదు. నిలబెట్టి పది నిమిషాలు నడిపి ఆపేస్తే మసి కాలదు. చిమ్మిన డీజిల్ సిలిండర్ గోడల మీద నుంచి జారి కిందున్న ఆయిల్లో కలుస్తుంది. మర్నాడు మళ్ళీ పది నిమిషాలు, మళ్ళీ కొంచెం డీజిల్. ఆయిల్ పల్చబడుతూ, పెరుగుతూ పోతుంది. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో తిరిగేది ఆ ఆయిల్ మీదే. పల్చటి ఆయిల్‌తో అది అరిగి, ఘాట్‌లో గట్టిగా తొక్కేసరికి సీలు పోయింది. డీజిల్ కలిసిన ఆ ఆయిలంతా గాలి గొట్టంలోకి పోయి, ఇంజన్ దాన్నే తాగి నడిచింది. తాళం ఆపేది ట్యాంకు నుంచి వచ్చే డీజిల్‌ని. తన ఆయిల్‌ని తానే తాగే ఇంజన్‌కి తాళంతో పనేముంది?

ఇలాంటివి అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయని ముకేష్ అన్నాడట. చెబుతూ టీ కూడా చల్లారనివ్వలేదట. మాకేమో ప్రపంచం తలకిందులైంది, అతనికి అది రోజువారీ పని.

పది నిమిషాలు అన్న మాట రాస్తుంటే నా చెయ్యి ఆగింది నాన్నా. నీకు అర్థమై ఉంటుంది.

నాకు నెల తప్పిందని తెలిసినప్పటి నుంచి నువ్వు రాసిన ప్రతి ఉత్తరంలో ఆ పది నిమిషాలు ఉన్నాయి. బండి దూరం తిప్పొద్దు, ఆ రోజుకి దాచి ఉంచండి, కానీ రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబెట్టి నడపండి, ఇంజన్ నిద్రపోకూడదు అన్నావు. మేం అక్షరాలా అదే చేశాం. క్వార్టర్ నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి బజారుకి తప్ప బండి కదల్లేదు. రోజూ పొద్దున్న పది నిమిషాలు మాత్రం తప్పలేదు. కొండ మీద ఆకాశ్‌నగర్ గని దగ్గర, ఆ చలిలో, ఆ మంచులో డంపర్లని అలా పది నిమిషాలు వేడెక్కించి, ఈలోపు టీ తాగి షిఫ్టు ఎక్కడం మీ అందరికీ అలవాటు. ఆ డంపర్లకి ఈ ఫిల్టర్లూ లేవు, ఈ బుద్ధులూ లేవు. మధ్యలో బండిలో ఒక నారింజ రంగు దీపం వెలిగింది. ఈయన నీకు రాయమంటే రాశాను. "దీపాలు భయపెట్టడానికే, ఆయిల్ చూసుకోండి చాలు" అన్నావు. నా పొట్ట వంగనివ్వక ఆయిల్ ఈయనే చూసి, నిండుగా ఉంది, మీ నాన్న చెప్పినట్టు చేస్తే బండి చుక్క కూడా తాగలేదని మురిసిపోయారు. పుల్ల తుడవడానికి నేను పిల్ల కోసం చింపి పెట్టుకున్న పాత నూలు చీర ముక్క తీసుకున్నారు. దాన్ని రెండుసార్లు ఉతికినా డీజిల్ కంపు పోలేదు. అందరికీ చెప్పాను. కడుపుతో ఉన్నదానికి అన్నీ వాసనలే అని ఈయనా, అత్తయ్యా కలిసి నవ్వారు.

నీ మీద కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. బండి ఎందుకలా అయిందో తెలిసిన రోజు నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని ఆ పది నిమిషాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికాను. మా అందరినీ ఆ పొగలో కూర్చోబెట్టింది మా నాన్నే అనుకున్నాను. ఇలా అనుకున్నానని నీకు తెలియాలి కనుక రాస్తున్నాను.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న. "అక్క కారు తాళం కనబడడం లేదు, ఇల్లంతా వెతుకుతున్నాను, నీ దగ్గరికి వచ్చినప్పుడు బావ అక్కడేమైనా మర్చిపోయాడా" అని అడిగావు. మర్చిపోలేదు నాన్నా. తాళం పోనూ లేదు. అక్క పోపుల డబ్బాలో, మెంతుల గిన్నె కింద ఉంది. నేనే ఫోన్ చేసి దాచమన్నాను. బావది కూడా అలాంటి బండే, అది పిల్లల స్కూలు దాకా తప్ప ఎక్కడికీ పోదు, పొద్దున్నే దాన్ని పది నిమిషాలు మేపేది నువ్వు. నువ్వు మంచాల కిందా, బియ్యం డబ్బాలోనూ వెతుకుతుంటే అక్క నవ్వలేక, చెప్పలేక వంటింట్లోకి పోతోందట. ఆమెని ఏమీ అనకు. అది నా పని.

పైగా అదే ఉత్తరంలో నువ్వేం రాశావో చూడు. "పెద్దల్లుడి బండి ఆయిల్ అసలు తగ్గదు, పైపెచ్చు కాస్త పైకే ఉంది. నీళ్ళు కలిస్తే మజ్జిగలా తెల్లబడాలి, ఇది నల్లగానే ఉంది, భయం లేదు." ఈ ముక్క చదివి నాకు ఒళ్ళు చల్లబడిపోయింది. తాళం దాచేదాకా పిల్లలు ఆ బండిలోనే స్కూలుకి పోయారు నాన్నా. డీజిల్ కలిస్తే ఆయిల్ తెల్లబడదు. నల్లగానే ఉంటుంది, నవ్వుతూనే ఉంటుంది. వాసన పట్టలేదా అని అడగను. ముప్పై ఏళ్ళు డీజిల్లో మునిగి బతికినవాడివి, నీకది వాసన కింద లెక్కే కాదు.

ఇక దాచిన మాట. బస్తానార్ దగ్గర బండి నడిపింది నేను.

ఏడో నెల నుంచి స్టీరింగ్ ముట్టనని నీకు ఒట్టు వేశాను కదా, ఆ రోజుదాకా నిలబెట్టుకున్నాను. గీదం దాటాక నా నొప్పులు చూసి ఈయన బండిని ఇంకా నెమ్మది చేసేశారు. ఆయన మంచివాడే కానీ మామూలు రోజునే ఎడ్లబండి వెనక హారన్ కొట్టడానికి మొహమాటపడే మనిషి. ఆ వేగంతో పోతే పిల్ల దారిలోనే, తోకాపాల్ ఊరు దాటకుండానే పుట్టేలా ఉంది. దిగమన్నాను. ఆయన దిగారు. నొప్పికీ నొప్పికీ మధ్య బాగానే నడిపాను, నొప్పి వచ్చినప్పుడు ఓరగా ఆపాను. లారీని దాటింది నేను, తాళం లాగి ఈయన చేతిలో పెట్టిందీ నేనే. లారీ వాళ్ళు పారిపొమ్మని అరుస్తున్నప్పుడు నేను దిగి ఉండాల్సింది. అత్తయ్య వెనక సీట్లో ఇరుక్కుపోయి ఉంది. దిగలేకపోయాను.

ఆ మోతలో నాకు నీ గొంతు వినపడింది నాన్నా. వినపడింది అని ఊరికే రాయడం లేదు. ఇంటర్ సెలవుల్లో మైదానంలో ఆ పాత జీపు మీద నాకు డ్రైవింగ్ నేర్పుతూ, ఎందుకో ఒక రోజు చెప్పావు. "తాళం మాట వినకపోతే దానికి బరువు పెట్టాలి చిన్నమ్మీ. పై గేర్ వెయ్యి, బ్రేకు మీద నిలబడు, క్లచ్ ఒక్కసారి వదిలెయ్." నేను నవ్వితే కోప్పడి, ఇంజన్ ఎగిరిపడేలా చేయించావు. తల స్టీరింగ్‌కి కొట్టుకుని బుడిపె కట్టింది, అమ్మ నిన్ను తిట్టింది. ఇలాంటివి ఆడపిల్లకి ఎందుకు అంది.

ఆ రోజు అదే చేశాను. క్లచ్ తొక్కి, బలంకొద్దీ పై గేర్‌లోకి తోశాను. పొట్ట స్టీరింగ్‌కి తగలకుండా సీటు వెనక్కి ఆనుకుని, కుడికాలు బ్రేకు మీద పెట్టి మొత్తం మనిషిని దాని మీద మోపి, క్లచ్ వదిలేశాను. కుదిపింది. కాలిన వాసన వచ్చింది. ఆగింది. ఈయనకి ఇప్పటికీ అది దంతెవాడ అమ్మవారి మహిమే అనిపిస్తుంది, నేను కాదనడం లేదు. మమ్మల్ని ఆ పొగలోకి పంపిందీ నీ మాటే, బయటికి తెచ్చిందీ నీ మాటే. నీ మీద కోపంగా ఉండాలో, నీ కాళ్ళకి మొక్కాలో నాకు ఇప్పటికీ తేలడం లేదు.

ఆ పది నిమిషాలు నీకేమిటో నాకు తెలుసు. చెవులు పోయాక నువ్వు ఇంజన్‌ని అరచేత్తో వింటావు. పొద్దున్నే బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి, కళ్ళు మూసుకుంటావని అక్క చెప్పింది. ఆ ఒక్క సంబరాన్ని నీ చేతిలోంచి లాక్కోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. బండి బాగుచేయించాక, ఆదివారం ఆదివారం బావని నడపమని నువ్వు పక్కన కూర్చో. సాలూరు రోడ్డు మీదికి పోనివ్వు. అరగంటదాకా ఆపనివ్వకు, నెమ్మదిగా పోతే ఊరుకోకు, నువ్వు కోప్పడితే బావ వింటాడు. డాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టుకో. నిలబడిన ఇంజన్ కంటే పరిగెత్తే ఇంజన్ నీ చేతికి ఇంకా బాగా వినపడుతుంది.

అంతవరకు స్టార్ట్ చెయ్యొద్దు. నా మాట నమ్మి మానెయ్యమని కూడా అనను, నువ్వు కంటితో చూస్తే తప్ప ఏదీ నమ్మవు. ఈ కాగితం అడుగున ఖాళీ వదిలాను చూడు. ఎడమ పక్కన ఉన్న మరక నీ మనవరాలి పాల మరక కాదు, మా బండి ఆయిల్ చుక్క. ముకేష్ ఆ ఆయిల్ కాస్త పట్టి ఇచ్చిన సీసాలోంచి తీసి ఈయన చేత వేయించాను. నల్లటి చుక్క, చుట్టూ వలయం. ఇప్పుడు లేచి అక్కని తాళం అడుగు. బానెట్ ఎత్తి పుల్ల తీసి, దాని పక్కన ఒక్క చుక్క వెయ్యి. ఆరేదాకా కాగితం ముందే కూర్చో. రెండూ ఒకలాగే పాకితే పిల్లల్ని ఇప్పట్లాగే ఆటోలో పంపండి, బండిని లాక్కెళ్ళడానికి మనిషిని పిలవండి. తర్వాత ఈ పేజీ చింపి నాకు పంపించు. వేరే ఉత్తరం రాయక్కర్లేదు. ఆ రెండు చుక్కలు పక్కపక్కన చూసేదాకా నాకు నిద్ర పట్టదు.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ చిన్నమ్మి,
సుధారాణి.

మా బండి చుక్క ఇక్కడ.                    నీది ఇక్కడ వెయ్యి నాన్నా.